ఎల్‌-1 వీసా: పిటిషన్ కంపెనీది.. పునాది మీ పనిది

క్యాంపస్ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న విద్యార్థుల నుంచి తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. ‘ఈ కంపెనీలో చేరితే ఆన్‌సైట్ ఛాన్స్ ఉంటుందా?’ హెచ్‌-1బీ గురించి మన ఇళ్లలో అమ్మమ్మలకూ తెలుసు. లాటరీ ఎప్పుడు తీస్తారో, ఎవరి పేరు వచ్చిందో ఊళ్లో చెప్పుకొంటారు. అదే కంపెనీలో పనిచేస్తూ, అదే కంపెనీ అమెరికా ఆఫీసుకు బదిలీపై వెళ్లే ఎల్‌-1 వీసా గురించి మాత్రం చాలామందికి సగం సగమే తెలుసు. ఆ సగం తెలియడం వల్లే కొందరు అర్హత ఉండీ అడగరు. మరికొందరు ‘ఎల్‌-1 ఇప్పిస్తాం’ అనే దళారుల మాట నమ్మి డబ్బు పోగొట్టుకుంటారు.

అందుకే ముందే ఒక మాట. ఎల్‌-1కు ఉద్యోగి సొంతంగా పిటిషన్ వేసుకోలేరు. దాన్ని వేసేది కంపెనీయే. కానీ అందులో రాసే ప్రతి వాక్యమూ మీరు ఇక్కడ చేసిన పని నుంచే రావాలి. ఆ పనిని ఈ రోజు నుంచే ఎలా మలచుకోవాలన్నది ఈ వ్యాసంలో ముఖ్య విషయం.

ఏమిటీ ఎల్‌-1?

అమెరికా 1970లో వలస చట్టాన్ని సవరించి ఈ వీసాను తెచ్చింది. పలు దేశాల్లో శాఖలున్న సంస్థలు తమ మేనేజర్లను, ప్రత్యేక పరిజ్ఞానమున్న ఉద్యోగులను అమెరికా ఆఫీసుకు తాత్కాలికంగా పంపుకోవడానికి ఉద్దేశించినది. హైదరాబాద్‌లోని ఆఫీసుకూ, అమెరికాలోని ఆఫీసుకూ మధ్య మాతృసంస్థ, శాఖ, అనుబంధ సంస్థ లాంటి యాజమాన్య సంబంధం తప్పనిసరిగా ఉండాలి. రెండు కంపెనీల మధ్య వ్యాపార ఒప్పందం ఉంటే చాలదు.

హెచ్‌-1బీకి ఏటా 85,000 పరిమితి ఉంది. ఎల్‌-1కు అలాంటి పరిమితి లేదు, లాటరీ లేదు. ఏడాదిలో ఎప్పుడైనా పిటిషన్ వేయవచ్చు. 2025 సెప్టెంబరులో వెలువడిన అధ్యక్ష ప్రకటన, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్‌-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు షరతు పెట్టింది. ఎల్‌-1ను అందులో చేర్చలేదు. దీంతో చాలామంది చూపు ఇటు మళ్లింది. అయితే లాటరీ లేదు కదా అని ఇది తేలిక అనుకోకూడదు. ఇక్కడ అదృష్టానికి బదులు ఆధారాలు కావాలి.

ఏ.. బీ.. తేడా తెలుసా?

ఎల్‌-1లో రెండు రకాలు.

ఎల్‌-1ఏ: మేనేజర్లు, ఎగ్జిక్యూటివ్‌లకు. గరిష్ఠంగా ఏడేళ్లు ఉండవచ్చు.

ఎల్‌-1బీ: ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఉద్యోగులకు. గరిష్ఠంగా అయిదేళ్లు.

రెండింటికీ మొదటిసారి మూడేళ్ల వరకూ అనుమతి ఇస్తారు. తర్వాత రెండేసి ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. అమెరికాలో కొత్తగా ఆఫీసు తెరవడానికి వెళ్లేవారికైతే తొలి అనుమతి ఒక్క ఏడాదే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. హోదాలో ‘మేనేజర్’ అని ఉన్నంత మాత్రాన ఎల్‌-1ఏ రాదు. మీ కింద ఎవరున్నారు, వారి నియామకం, అప్రైజల్, సెలవుల వంటి విషయాల్లో మీ మాట చెల్లుతుందా, రోజులో ఎక్కువ సమయం నిర్వహణకే పోతోందా అని చూస్తారు. తానూ కోడ్ రాస్తూ, మరో ముగ్గురి పని చూసే టీమ్ లీడ్‌ను సాధారణంగా మేనేజరుగా పరిగణించరు. కింద ఎక్కువమంది లేకపోయినా సంస్థకు కీలకమైన ఒక విభాగాన్ని పైస్థాయిలో నడిపేవారు ‘ఫంక్షన్ మేనేజర్’గా అర్హులు కావచ్చు.

ఎల్‌-1బీలో ప్రత్యేక పరిజ్ఞానం అంటే జావా వచ్చనో, క్లౌడ్ సర్టిఫికెట్ ఉందనో కాదు. అవి బజారులో ఎవరికైనా దొరికే నైపుణ్యాలే. మీ కంపెనీ సొంత ఉత్పత్తి, సేవ, పరిశోధన, పరికరాల గురించి మీకు ఉన్న విశేషమైన జ్ఞానం ఒకటి. కంపెనీ పద్ధతులు, విధానాల్లో మిగతా ఉద్యోగుల కంటే ముందంజలో ఉన్న జ్ఞానం రెండోది. ఈ రెండింటిలో ఏదో ఒకటి చూపించాలి.

ఏడాది లెక్క జాగ్రత్త

గత మూడేళ్లలో కనీసం ఒక ఏడాది ఏకధాటిగా ఆ సంస్థకు అమెరికా బయట పనిచేసి ఉండాలి. ఆ పని కూడా మేనేజర్, ఎగ్జిక్యూటివ్ లేదా ప్రత్యేక పరిజ్ఞానం అవసరమైనదే కావాలి. మధ్యలో మీటింగుల కోసమో, శిక్షణ కోసమో బిజినెస్ వీసాపై అమెరికా వెళ్లొస్తే ఏకధాటి తెగిపోదు. కానీ అక్కడున్న రోజులు ఏడాదిలో లెక్కకు రావు. ఆరు వారాలు వెళ్లొచ్చినవారు ఇక్కడ ఇంకో ఆరు వారాలు పనిచేస్తేనే ఏడాది పూర్తవుతుంది. అందుకే ప్రతి ప్రయాణం తేదీలూ రాసిపెట్టుకోండి. పాస్‌పోర్టులో ముద్రలు మసకబారవచ్చు. మీ పట్టికలో తేదీలు చెదరవు.

పిటిషన్ ఎలా నడుస్తుంది?

రెండు దారులున్నాయి. మొదటిది వ్యక్తిగత పిటిషన్. కంపెనీ ఐ-129 ఫారాన్ని, ఎల్ విభాగపు అనుబంధాన్ని నింపి అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు పంపుతుంది. ఆమోదం వస్తే ఐ-797 నోటీసు ఇస్తారు. ఆధారాలు చాలవనుకుంటే మరిన్ని అడుగుతూ ఆర్‌ఎఫ్‌ఈ పంపుతారు. ప్రీమియం ప్రాసెసింగ్‌కు అదనపు ఫీజు కడితే 15 పనిదినాల్లో ఆమోదమో, తిరస్కారమో, ఆర్‌ఎఫ్‌ఈయో ఏదో ఒక స్పందన వస్తుంది.

రెండోది బ్లాంకెట్ పిటిషన్. పెద్ద సంస్థలు తమ శాఖల మధ్య సంబంధాన్ని ఒక్కసారి నిరూపించి ముందే ఆమోదం తెచ్చుకుంటాయి. దీనికి సంస్థ అమెరికా ఆఫీసు కనీసం ఏడాదిగా వ్యాపారం చేస్తుండాలి. దేశవిదేశాల్లో కలిపి మూడు లేదా అంతకు మించి శాఖలు, అనుబంధ సంస్థలుండాలి. వీటికి తోడు, గడిచిన 12 నెలల్లో కనీసం 10 ఎల్‌-1 ఆమోదాలో, అమెరికా అనుబంధ సంస్థలకు కనీసం 2.5 కోట్ల డాలర్ల వార్షిక అమ్మకాలో, అమెరికాలో కనీసం 1,000 మంది ఉద్యోగులో ఉండాలి. బ్లాంకెట్ ఉన్న కంపెనీ ఉద్యోగి ఐ-129ఎస్ ఫారంతో నేరుగా కాన్సులేట్ ఇంటర్వ్యూకు వెళ్తారు. ఎల్‌-1బీ వారైతే ఈ దారిలో ‘ప్రొఫెషనల్’ (సాధారణంగా డిగ్రీ అవసరమైన వృత్తిలో ఉన్నవారు) అయి ఉండాలన్నది అదనపు షరతు. బ్లాంకెట్ దారిలో తిరస్కరించినా కథ ముగిసినట్టు కాదు. అదే ఉద్యోగి కోసం కంపెనీ వ్యక్తిగత పిటిషన్ వేయవచ్చు.

2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ఎల్‌-1కు ఐ-129 ఫీజు 1,385 డాలర్లు. చిన్న సంస్థలకు 695. దానికి తోడు పెద్ద సంస్థలకు శరణార్థి కార్యక్రమ రుసుం 600 డాలర్లు. మోసాల నివారణ రుసుం 500 డాలర్లు వేరుగా ఉంటుంది. అమెరికాలో 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉండి, వారిలో సగానికి మించి హెచ్‌-1బీ, ఎల్‌-1 వారే అయితే ఆ సంస్థ మరో 4,500 డాలర్లు కట్టాలి. ఒక్క ఉద్యోగిని పంపడానికి కంపెనీ ఇంత ఖర్చు, శ్రమ పెడుతుంది. ‘నన్నే ఎందుకు పంపాలి?’ అనే ప్రశ్నకు మీ దగ్గర జవాబుండాలి.

పిటిషన్‌కు ప్రాణం సపోర్ట్ లెటర్

ఫారాలు లాయర్లు నింపుతారు. కానీ మీరేం చేస్తారో వివరించే ఉత్తరానికి ముడిసరుకు ఇవ్వాల్సింది మీరే. ‘మీ విధులు ఒక పేజీలో రాసి పంపండి’ అని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది. చాలామంది పాత రెజ్యూమె నుంచి నాలుగు లైన్లు తీసి పంపేస్తారు. తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక బీమా సాఫ్ట్‌వేర్ సంస్థలో ఇంజినీరు తన గురించి ఇలా రాశారనుకోండి:

‘జావాలో కోడ్ రాస్తాను. బగ్స్ సరిచేస్తాను. టీమ్‌తో కలిసి గడువులోగా పని పూర్తిచేస్తాను.’

ఈ మూడు వాక్యాలు మాదాపూర్‌లో ఏ అంతస్తులో కూర్చున్న ఇంజినీరుకైనా సరిపోతాయి. ఇందులో ఈ మనిషి కనబడరు. అదే వ్యక్తి ఇలా రాస్తే?

‘మా కంపెనీ సొంతంగా తయారుచేసిన క్లెయిమ్స్ సాఫ్ట్‌వేర్‌లో రూల్స్ ఇంజిన్‌ను రెండేళ్లుగా చూస్తున్నాను. పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు డేటా మార్చే పద్ధతిని రూపొందించిన నలుగురిలో నేనొకరిని. దాని మాన్యువల్ నేనే రాశాను. కొత్తగా చేరినవారికి దీనిపై రెండు బ్యాచ్‌లకు శిక్షణ ఇచ్చాను. బయటి నుంచి వచ్చిన అనుభవజ్ఞుడైన ఇంజినీరు కూడా దీన్ని సొంతంగా నడపడానికి సుమారు తొమ్మిది నెలలు పడుతుంది.’

రెండో దానిలో ఉత్పత్తి ఉంది, పాత్ర ఉంది, కాలం ఉంది. ప్రతి మాటకూ ఆధారం జతచేయవచ్చు. మాన్యువల్ మొదటి పేజీపై పేరు, శిక్షణ హాజరు పట్టిక, ప్రాజెక్టు డిజైన్ పత్రాలు, అప్రైజల్ నివేదికలు అన్నీ సాక్ష్యాలే. ఉద్యోగకాలానికి పేస్లిప్‌లు, ఫారం-16 చూపుతారు. ఎల్‌-1ఏ అయితే ఇక్కడి ఆఫీసుదీ, అక్కడి ఆఫీసుదీ ఆర్గనైజేషన్ చార్టులు తప్పక కావాలి. ఇక ఒక్క నియమం: లేనిది రాయకండి. తనిఖీ అధికారులు పనిచోటికి వచ్చి అడగవచ్చు. అబద్ధం బయటపడితే వీసా పోవడమే కాదు, జీవితాంతం అమెరికా ప్రవేశానికి అడ్డంకి అవుతుంది.

కాన్సులేట్ కిటికీ దగ్గర

డీఎస్‌-160 వీసా దరఖాస్తు నింపి, బయోమెట్రిక్స్ ఇచ్చాక అసలు పరీక్ష ఇంటర్వ్యూ. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లోనైనా, మరెక్కడైనా మీకు దొరికేది కొద్ది నిమిషాలే. ముఖ్యంగా బ్లాంకెట్ కేసులో మీ కాగితాలను అమెరికా అధికారి ఒకరు మీ పేరుతో చూడడం అదే మొదటిసారి. ‘మీరేం చేస్తారు? ఈ పని అక్కడున్నవాళ్లు ఎందుకు చేయలేరు?’ అని అడుగుతారు. లాయరు రాసిన ఇంగ్లిష్‌ను బట్టీ పట్టి అప్పజెబితే రెండో ప్రశ్నకే తడబాటు మొదలవుతుంది. టెక్నాలజీ తెలియని మేనత్తకు చెప్పినట్టు, మీ పనిని రెండు నిమిషాల్లో సరళంగా చెప్పడం సాధన చేయండి. ఆ సాధన ఇంట్లోనే, గట్టిగా, నోటితో జరగాలి.

క్లయింట్ ఆఫీసులో కూర్చుని పనిచేయాల్సిన ఎల్‌-1బీ ఉద్యోగులకు మరో మెలిక ఉంది. 2004లో చేసిన సంస్కరణ చట్టం ప్రకారం, మీపై ప్రధాన అజమాయిషీ క్లయింట్‌దే అయినా, మీరు కేవలం అద్దె మనిషిగా వెళ్తున్నా అర్హత ఉండదు. మీకు పని చెప్పేదెవరు, మీ పనితీరును బేరీజు వేసేదెవరు అన్నది స్పష్టంగా తెలుసుకుని వెళ్లండి.

అక్కడ దిగాక

- విమానాశ్రయంలో ప్రవేశం దొరికాక ఐ-94 తెరిచి గడువు తేదీ చూడండి. ఉండేందుకు అనుమతి చెప్పేది ఐ-94. వీసా స్టాంపు తేదీ ఎక్కువ ఉందని ధీమా వద్దు. బ్లాంకెట్ వారు అధికారి ముద్ర వేసిన ఐ-129ఎస్‌ను ప్రయాణంలో వెంట ఉంచుకోవాలి.
- జీవిత భాగస్వామికి, 21 ఏళ్లలోపు అవివాహిత పిల్లలకు ఎల్‌-2 వస్తుంది. 2021 నవంబరు నుంచి ఎల్‌-2 భాగస్వామి వేరే అనుమతి కార్డు లేకుండానే ఉద్యోగం చేసుకోవచ్చు. ఇద్దరూ చదువుకున్న కుటుంబాలకు ఇది గొప్ప వెసులుబాటు.
- కంపెనీ మారడం ఈ వీసాలో కుదరదు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 గడువు, ఏది ముందైతే అంతవరకే సమయం. బయటి కంపెనీకి వెళ్లాలంటే సాధారణంగా హెచ్‌-1బీ లాటరీకి రావాల్సిందే.
- ఎల్‌-1కు హెచ్‌-1బీ మాదిరి ప్రాంతీయ కనీస వేతన నిబంధన లేదు. కాబట్టి ఆఫర్‌లో జీతం చూసి, ఆ నగరంలో ఇంటి అద్దె, బీమా ఖర్చులు లెక్కవేసుకుని మాట్లాడండి. అడగడంలో తప్పులేదు.
- విదేశంలోనూ మేనేజరుగానే పనిచేసి వచ్చిన ఎల్‌-1ఏ ఉద్యోగికి ఈబీ-1సీ విభాగంలో గ్రీన్‌కార్డుకు దారి ఉంది. ఎల్‌-1బీ వారు ఎక్కువగా ఈబీ-2, ఈబీ-3 క్యూలోనే నిలబడాలి. భారతీయులకు ఆ క్యూ చాలా పొడవు.

ఇప్పటి నుంచే ఏం చేయాలి?

- ఉద్యోగం ఎంచుకునేటప్పుడు ఆ సంస్థకు అమెరికాలో సొంత ఆఫీసు ఉందా, సొంత ఉత్పత్తి ఉందా, గతంలో బదిలీలు జరిగాయా అని సీనియర్లను అడగండి.
- చేరాక కంపెనీకి మాత్రమే సొంతమైన ఒక సాధనంలో లోతుకు వెళ్లండి. అందరికీ వచ్చినది మీకూ రావాలి. కొందరికే వచ్చినది మీకు బాగా రావాలి.
- నెలకోసారి అరగంట కూర్చుని ఆ నెల ఏం చేశారో, ఎవరికి నేర్పారో, తేదీలతో రాసుకోండి. కంపెనీ రహస్య పత్రాలను మాత్రం ఇంటికి తెచ్చుకోవద్దు.
- ఆఫర్ లెటర్, పేస్లిప్, ఫారం-16, అప్రైజల్.. ఒక్కటీ పోనివ్వకండి. పాస్‌పోర్టులో పేరు, సర్టిఫికెట్లలో పేరు, ఇంటిపేరు క్రమం ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.
- డబ్బు తీసుకుని ఎల్‌-1 ఇప్పిస్తామనేవారిని దగ్గరకు రానివ్వకండి. ఏడాదిపాటు మీరు పనిచేయని సంస్థ మీకు నిజాయతీగా ఎల్‌-1 వేయలేదు. అమ్మానాన్నలు పొలం తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము అలాంటి చోట పోయకూడదు.

ఫీజులు మారతాయి, నిబంధనలు మారతాయి. పిటిషన్ వేసే రోజున యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌ను, కంపెనీ లాయరును సంప్రదించి సరిచూసుకోవాలి. మారనిది ఒక్కటే: మీరు వెళ్లకపోతే అక్కడ ఏ పని ఆగిపోతుందో చెప్పగలగాలి. ఆ ఒక్క వాక్యం ఈ రోజు నిజాయతీగా రాయగలరేమో ప్రయత్నించండి. రాయలేకపోతే కంగారు పడకండి. వచ్చే ఏడాది ఇదే రోజుకు రాయగలిగేలా రేపు ఉదయం ఆఫీసులో పని మొదలుపెట్టండి.