ముగ్గులో దొరికే సూత్రం

ప్రశ్న: హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలు సూత్రాలు బట్టీ పడుతున్నారే తప్ప ఆనందించడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: సూత్రం కంటే ముందు దాని అందం చూపించండమ్మా. బోర్డు మీద ఏడు చుక్కల సందు చుక్క ముగ్గుకు చుక్కలు పెట్టించండి. మధ్య వరుసలో 7, పైకీ కిందికీ 6, 5, 4... ఒకటి దాకా. మొత్తం ఎన్నో ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా చెప్పమనండి. ఆలోచించుకోనివ్వండి, తొందరపెట్టొద్దు. ఏటవాలుగా చూస్తే ఏడు వరుసలు, వరుసకు ఏడేసి చుక్కలు. అంటే 49! ‘పది చుక్కలైతే? ఎన్ చుక్కలైతే?’ అని అడగండి. ‘ఎన్ స్క్వేర్’ అని పిల్లలే అంటారు. ‘ఎందుకు?’ అని తప్పక అడగండి. తప్పు ఊహ చెప్పినా కొట్టిపారేయకండి, వాళ్లచేతే సరిచూపించండి. తాము కనిపెట్టిన సూత్రాన్ని పిల్లలు అంత తేలిగ్గా మరిచిపోరు.