మోటారు హోముకు ఏ పెట్రోలు? ఆక్టేన్ అంకెల్లో లాభనష్టాలు

అమెరికాలో పెట్రోలు బంకు పంపు మీద సాధారణంగా మూడు మీటలుంటాయి. పసుపు పచ్చ చీటీల మీద నల్లని అంకెలు: 87, 89, 91. తూర్పు రాష్ట్రాల్లో చాలా చోట్ల 91 బదులు 93 కనిపిస్తుంది. అంకె పెరిగిన కొద్దీ గ్యాలను ధర పెరుగుతుంది. పది టన్నుల మోటారు హోము, 80 గ్యాలన్ల టాంకు, అంటే మూడు వందల లీటర్లకు పైబడిన సరకు. ఏ మీట నొక్కాలన్నది చిల్లర విషయం కాదు.

బండి బరువైనది కనుక ఖరీదైన పెట్రోలే పోయాలని చాలామంది అనుకుంటారు. బియ్యంలోనూ మిర్చిలోనూ మొదటి రకానికి ధర ఎక్కువ పలుకుతుంది, సరకూ మేలుగా ఉంటుంది. ఆక్టేన్ అంకె అటువంటి రకం కాదు. 91 అంకె పెట్రోలులో 87 దానికన్నా ఎక్కువ శక్తి ఏమీ ఉండదు. ఇంజను సిలిండరులో ఒత్తిడికి, వేడికి గురైనపుడు, స్పార్కు రగిలించిన మంట తనను చేరక ముందే తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు నిలబడగలదో చెప్పడమే ఆ అంకె పని. నిలబడలేకపోతే ఇంజనులో టకటకమనే శబ్దం వస్తుంది. మెకానిక్కులు దానినే నాకింగ్ అంటారు. అది చాలాకాలం సాగితే పిస్టన్లు దెబ్బతింటాయి.

ఈ కొలబద్దను 1926లో గ్రాహం ఎడ్గార్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఏర్పరచాడు. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు సున్న అని పెట్టుకుని, మిగిలిన పెట్రోళ్లను ఆ రెండింటి మిశ్రమాలతో పోల్చి చూస్తారు. పరీక్షా పద్ధతులు రెండు. రీసెర్చి పద్ధతిలో అంకె ఎక్కువగా, మోటారు పద్ధతిలో తక్కువగా వస్తుంది. అమెరికా పంపు మీద రాసేది ఆ రెండింటి సగటు. భారతదేశంలో చెప్పేది రీసెర్చి అంకె. మన దగ్గర 91గా ఉన్న ప్రమాణం, 20 శాతం ఇథనాలు కలిపే విధానం వచ్చాక 95 అయింది. పిల్లల దగ్గరకు వెళ్లి మోటారు హోము అద్దెకు తీసుకున్న తెలుగు కుటుంబాలు పంపు మీద 87 చూసి ఇది నాసి సరకని భ్రమపడనక్కర లేదు. అమెరికా 87 రీసెర్చి లెక్కలో 91, 92 దగ్గర ఉంటుంది.

ఇక ఇంజను సంగతి. పాత మోటారు హోముల్లోని షెవర్లే 454, తరువాత వచ్చిన ఫోర్డు 6.8 లీటర్ల పది సిలిండర్ల ఇంజను, 2020 నుండి దాని స్థానంలోకి వచ్చిన 7.3 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, అన్నీ 87తో నడవడానికి తయారైనవే. వాటిలో ప్రీమియం పోస్తే మామూలు రోడ్డు మీద ఒరిగేది లేదు. అమెరికా వాహనదారుల సంఘం ఏ.ఏ.ఏ. 2016లో ఈ సంగతి పరీక్ష చేయించింది. 87కు తయారైన కార్లలో ప్రీమియం పోసినందువల్ల బలంలో గాని, మైలేజీలో గాని చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. ఇలా అక్కరలేని ప్రీమియం మీద అమెరికన్లు ఏడాదిలో 210 కోట్ల డాలర్లు వృథా చేశారని ఆ సంఘం లెక్క కట్టింది.

అయితే మోటారు హోము కారు కాదు. వెనుక ఇంకో కారును తగిలించుకుని, మండువేసవిలో, పొడవాటి కొండ ఎక్కేటప్పుడు ఇంజను మీద పడే భారం వేరు. ఆ సమయంలో శబ్దం వినిపించినా, కొత్త బండిలో కంప్యూటరు స్పార్కును వెనక్కు జరిపినందువల్ల బండి నీరసించినట్లు తోచినా, ఆ ఒక్క టాంకుకు పై అంకె పోయడంలో తప్పు లేదు. బరువు లాగే సందర్భాలకు ప్రీమియం మేలని కొన్ని ఇంజన్ల పుస్తకాల్లోనే రాశారు.

ఉదాహరణకు రెగ్యులరు 3 డాలర్లు, ప్రీమియం 3.80 డాలర్లు అనుకుందాం. గ్యాలనుకు 8 మైళ్లిచ్చే బండి 2,400 మైళ్లు తిరిగితే 300 గ్యాలన్లు పడుతుంది. ప్రయాణమంతా ప్రీమియం పోస్తే 240 డాలర్లు అదనం. కొండ దారి 300 మైళ్లకు మాత్రమే, గ్యాలనుకు 6 మైళ్ల చొప్పున 50 గ్యాలన్లు పోస్తే అదనం 40 డాలర్లే.

మధ్య రకమైన 89లో ఇంకో కిటుకు ఉంది. చాలా బంకుల్లో 89కి వేరే టాంకు ఉండదు. 87నూ ప్రీమియంనూ పంపే కలిపి ఇస్తుంది. 93 దొరికే చోట రెండు పాళ్లు 87, ఒక పాలు 93 కలిపితే 89 అవుతుంది. పై ధరల ప్రకారం ఆ మిశ్రమం గ్యాలను 3.27 డాలర్లకు పడుతుంది. బంకువాడు 89కి 3.45 అడుగుతుంటే, రెండు మీటలూ వేరువేరుగా నొక్కి తన టాంకులోనే కలుపుకున్నవాడికి గ్యాలనుకు 18 సెంట్లు మిగులుతాయి. ఈ లెక్క స్థూలమైనదే గాని వాడుకకు సరిపోతుంది. సరకు కలిపి అమ్మడంలో లాభం ఎక్కడుంటుందో వర్తకులకు కొత్తగా చెప్పనక్కర లేదు.

పేరును నమ్మి మోసపోయే చోటు కొలరాడో వంటి కొండ రాష్ట్రాలు. అక్కడ రెగ్యులరు అంటే 85. 87ను మధ్య రకం పేరుతో అమ్ముతారు. ఎత్తున గాలి పలుచన కనుక పాత కార్బురేటరు ఇంజన్లలో ఒత్తిడి తగ్గి 85 సరిపోయేది. కొత్త ఇంజన్లకు ఆ వాదన పనికిరాదు. పైగా టాంకు పెద్దది కావడమే చిక్కు. డెన్వరులో 80 గ్యాలన్లు నింపుకున్న బండి 600 మైళ్ల దూరంలోని కాన్సాస్ సిటీ వరకు పోగలదు. ఊరు ఐదు వేల అడుగుల ఎత్తు నుండి వెయ్యి అడుగుల లోపుకు దిగినా, టాంకులో ఉన్నది మాత్రం 85.

అంతకన్నా పెద్ద చిక్కు 88. మధ్య పశ్చిమ రాష్ట్రాల బంకుల్లో ఇది 87 కన్నా కొన్ని సెంట్లు చౌకగా దొరుకుతుంది. అంకె ఎక్కువ, ధర తక్కువ! ఇది 15 శాతం ఇథనాలు కలిపిన ఇ-15. దీనికి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2010, 2011లలో ఇచ్చిన అనుమతి 2001, ఆ తరువాతి మోడళ్ల కార్లు, తేలిక వాహనాలకే. భారీ వాహనాల ఇంజన్లకు, పడవలకు, చిన్న యంత్రాలకు వర్తించదు. పంపు మీది నారింజ రంగు చీటీ చదవకుండా పోసుకుంటే చట్టరీత్యా తప్పే. మోటారు హోములో విద్యుత్తునిచ్చే జనరేటరు కూడా చాలా బండ్లలో అదే టాంకు నుండి తాగుతుంది. పెద్ద ఇంజను ఓర్చుకున్నా చిన్నది ఓర్చుకోకపోవచ్చు.

88 చౌక కావడానికి కారణం మొక్కజొన్న మార్కెట్టులో ఉంది. అమెరికా శుద్ధి కర్మాగారాలు సుమారు 84 అంకె మూల సరకును పంపిస్తాయి. డిపోలో 10 శాతం ఇథనాలు కలపగానే అది 87 అవుతుంది. ఇథనాలు రీసెర్చి అంకె 100కు పైనే. బుషెలు, అంటే 25.4 కిలోల మొక్కజొన్న నుండి 2.8 గ్యాలన్లకు పైగా ఇథనాలు వస్తుంది. అక్కడి పంటలో మూడోవంతుకు మించి దీనికే పోతుంది. అంటే ఆక్టేన్‌ను చమురు నుండి కొనడం కన్నా చేను నుండి కొనడం చాలాసార్లు చౌక. అయితే ఇథనాలులో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కనుక ఆ చౌకలో కొంత మైలేజీ రూపంలో తిరిగి పోతుంది.

ప్రీమియంకు, రెగ్యులరుకు మధ్య ధర తేడా గడచిన పదిహేనేళ్లలో బాగా పెరగడం వెనుకా ఇదే ఆక్టేన్ కొరత ఉంది. షేల్ చమురు నుండి వచ్చే తేలిక నాఫ్తాలో ఆక్టేన్ తక్కువ. 2017లో అమలైన గంధకం నిబంధన కోసం పెట్రోలును శుద్ధి చేసేటప్పుడు మరికొంత పోతుంది. టర్బో ఇంజన్ల కార్లు పెరిగి గిరాకీ పైకి పోయింది.

ఇథనాలు వల్ల మరో జాగ్రత్త అవసరం. చలికాలంలో నెలల తరబడి షెడ్డులో పడి ఉండే మోటారు హోములో సగం ఖాళీ టాంకు గాలిలోని తేమను లాగుతుంది. నీరు మితిమీరితే ఇథనాలు దానితో కలిసి అడుగుకు దిగిపోతుంది. పైన మిగిలేది ఇథనాలు కలపక ముందు ఉన్న 84 వంటి సరకే. శరదృతువులో 87 పోసినవాడు వసంతంలో తీసేది 87 కాకపోవచ్చు. అందుకే బండిని పెట్టేసే ముందు టాంకు నింపి, నిలవ ఉంచే మందు కలిపి, జనరేటరును కాసేపు నడిపి ఆ మందు దాని గొట్టాల్లోకీ వెళ్లేటట్లు చూస్తారు.