రామెన్ గిన్నె ముందు మూడు పాఠాలు



సెలవుల్లో అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లినప్పుడు పిల్లలు రామెన్ తిందామంటారు. కాదనకండి. వేడి సూప్‌లో గోధుమ నూడుల్స్ వేసి ఇచ్చే ఈ వంటకం చైనా నుంచి జపాన్ చేరింది. 1958లో మొమొఫుకు ఆండో దీన్నే ప్యాకెట్ నూడుల్స్‌గా మార్చారు.

అడగడం: ఆర్డర్ ఇచ్చే ముందు, సూప్ దేనితో చేశారో పిల్లలతోనే అడిగించండి. 'టొంకొట్సు' అంటే పంది ఎముకలు మరిగించిన సూప్. 'మిసో', 'షోయు' సోయాతో వచ్చే రుచులు. అయినా అడుగున చేప, మాంసం సూప్ ఉండొచ్చు. పైన కూరగాయలు కనిపించినంత మాత్రాన శాకాహారం కాదు.

ఆపడం: పెద్దలకే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పిల్లలకు ఇంకా తక్కువ. రామెన్‌లో ఉప్పు ఎక్కువగా సూప్‌లోనే ఉంటుంది. పళ్లెంలో ఏదీ మిగల్చకూడదని ఇంట్లో నేర్పుతాం. ఇక్కడ మాత్రం నూడుల్స్, గుడ్డు, కూరగాయలు తిని సూప్ మిగల్చడమే మంచిది.

లెక్కించడం: బిల్లు పిల్లల చేతికివ్వండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. ఆ లెక్క సరిచూడమనండి. సర్వీస్ చార్జి ఇవ్వడం మన ఇష్టమే, తప్పనిసరి కాదని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇంటికొచ్చాక రాగి సంగటి, శెనక్కాయల చట్నీ పెట్టి, రెండు భోజనాలనూ నోటుబుక్కులో పోల్చి రాయమనండి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కొత్త రుచి చూసిన పిల్లలకు ఇంటి తిండి విలువ కూడా తెలియాలి.