మనుషులెక్కని నౌకలే చాలు, అమ్మడూ

అరకులోయ



నీ ఉత్తరం అందింది. హాస్టల్లో చలికి దుప్పటి సరిపోతోందా లేదా అన్నది మాత్రం రాయలేదు. ఈసారి రాయి.

అంతరిక్షం స్టాంపులు పోగుచేస్తానని, అందులోనూ మనుషులెక్కని నౌకల బొమ్మలున్నవే దాస్తానని రాశావు. ఆ హద్దు నీకు నువ్వే గీసుకున్నావంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అంతరిక్షం అంటే చాలామంది గగారిన్, చంద్రుడి మీద దిగిన మనుషులు, మన రాకేశ్ శర్మ, వీళ్ల బొమ్మల వెంటే పడతారు. శర్మ వెళ్లొచ్చిన భారత్-సోవియట్ యాత్రకు 1984లో మన తపాలాశాఖ తెచ్చిన స్టాంపు అందమైనదే, కానీ అది నీ పుస్తకంలోకి రాదు. హద్దంటూ పెట్టుకున్నాక దానికి కట్టుబడి ఉండు. లైకా సంగతేమిటని నువ్వు అడగకముందే చెబుతున్నాను. 1957 నవంబరులో స్పుత్నిక్-2లో వెళ్లిన ఆ కుక్క బొమ్మతో రుమేనియా ఆ ఏడాదే స్టాంపు వేసింది. ఆ నౌకలో ప్రాణి ఉంది, మనిషి లేడు. కాబట్టి నీ పుస్తకంలో దానికి చోటుంది. అది తిరిగి రాలేదన్న సంగతి కూడా ఆ పేజీలో రాయాలి.

ఇక నువ్వు విశాఖలో కొన్నానని రాసిన స్టాంపుల పొట్లం గురించి. ఒక్కో స్టాంపునూ వెనక్కి తిప్పి చూడు. ముందువైపు ముద్ర ఒక మూలన, గీసిపెట్టినంత శుభ్రంగా పడి, వెనకవైపు జిగురు ఇంకా మెరుస్తోందా? అయితే అది ఏ ఉత్తరం మీదా ఎక్కలేదు. అచ్చువేసి, ముద్రలు కొట్టి, పొట్లాలు కట్టి పిల్లలకు అమ్మడానికే పంపారు. హంగరీ, రుమేనియా, మంగోలియా దేశాల నుంచి అలాంటివి మన ఊళ్లకు కుప్పలుగా వచ్చేవి. అవి దొంగ స్టాంపులు కావు, దాచుకో. కానీ వాటికి డబ్బు విలువ ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకు. అజ్మాన్, ఫుజైరా లాంటి చిన్న ఎమిరేట్ల పేరుతో 1970 ప్రాంతంలో వచ్చిన పెద్దపెద్ద రంగుల బిళ్లల్లో చాలావాటి సంగతి ఇంకా కనాకష్టం. ఆ ఊళ్ల నుంచి వెళ్లిన ఉత్తరాల కంటే ఆ బిళ్లలే ఎక్కువ. వాటి మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు.

కొనడం తేలికే. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. నా మాట ఇది: ఒక పేజీకి ఒక నౌక చొప్పున పెట్టుకో. స్టాంపు కింద నీ తెలుగులో నాలుగు వాక్యాలు రాయి. ఆ నౌకను ఎవరు పంపారు, ఎప్పుడు, ఎక్కడి నుంచి, అది ఏం చూసింది, చివరికి ఏమైంది. మనిషి వెళ్లొచ్చిన యాత్రకైతే వచ్చి చెప్పే నోరుంటుంది. ఈ నౌకల్లో చాలావరకు తిరిగి రావు. వాటి తరఫున చెప్పాల్సింది మనమే. ఆ నాలుగు వాక్యాలు రాయలేని స్టాంపు నీ దగ్గర ఉన్నా లేనట్టే.

మొదటి పేజీ ఆర్యభట ఉపగ్రహానికి ఇవ్వు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ దేశంలోని కపుస్తిన్ యార్ నుంచి ఎగిరింది. మన తపాలాశాఖ ఆ నెలలోనే 25 పైసల స్టాంపు తెచ్చింది. యు.ఆర్. రావు గారి బృందం బెంగళూరు పీణ్యాలోని షెడ్లలో దాన్ని తయారుచేసింది. బరువు 360 కిలోలు, ఇరవై ఆరు ముఖాలు. అయిదో రోజుకే అందులోని పరికరాలకు కరెంటు అందకుండా పోయింది. ఈ మాట తప్పక రాయి. స్టాంపు మీద ఓటమి కనపడదు, కింద రాసేవాళ్లే చెప్పాలి. మీ నాన్నమ్మ ట్రంకు పెట్టెలో పాత రెండు రూపాయల నోటు ఉంటే వెనక్కి తిప్పి చూడు. అందులోనూ ఆర్యభటే. నోటు, స్టాంపు పక్కపక్కన పెట్టి గీతలు పోల్చి చూస్తే బొమ్మ చెక్కేవాళ్లు ఏం వదిలేశారో, ఏం పెద్దది చేశారో తెలుస్తుంది.

రెండోది రోహిణి. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎస్సెల్వీ-3 మోసుకెళ్లింది. ఏడాది తిరిగేసరికి, 1981లో, రూపాయి స్టాంపు వచ్చింది. అంతకుముందు 1979 ఆగస్టు 10న అదే రకం రాకెట్టు సముద్రంలో పడింది. రెండుసార్లూ ఆ పనికి ముందున్నది అబ్దుల్ కలాం గారే. తర్వాతి పేజీ యాపిల్‌ది, 1982లో వచ్చిన రెండు రూపాయల స్టాంపు. ఆ ఉపగ్రహాన్ని పరీక్షకు తీసుకెళ్లడానికి ఎడ్లబండి ఎక్కించారని నీకు తెలుసా? ఆంటెన్నా పరీక్షకు చుట్టూ ఇనుప బండి ఉండకూడదని కొయ్యబండి కట్టారు. ఆ ఫొటో ఎక్కడైనా పుస్తకంలో దొరికితే బొమ్మ గీసి పేజీలో పెట్టు. 1981 జూన్ 19న ఫ్రెంచి గయానాలోని కూరూ నుంచి ఏరియాన్ రాకెట్టు మీద వెళ్లింది. పైకి వెళ్లాక రెండు సౌర ఫలకాల్లో ఒకటి విచ్చుకోలేదు. అయినా రెండేళ్లకు పైగా పనిచేసింది. అవిటి రెక్కతో అంతకాలం ఎగిరిన ఆ నౌకంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

శ్రీహరికోట పేజీ దగ్గర కాస్త ఆగు. ఆ దీవి ఖాళీ నేల కాదు. అక్కడ యానాదులు ఉండేవాళ్లు. అడవి, ఉప్పునీటి చెరువు పులికాట్, చేప, దుంప, ఇదీ వాళ్ల బతుకు. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు కుటుంబాలు చోటు మారాయి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్టు లేచింది. మన వైపు మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కట్టినప్పుడు నీళ్ల కింద పోయిన గూడేల కథ మీ నాన్నమ్మ చెప్పే ఉంటుంది. అలాంటి కథ అక్కడా ఉంది. ఇది చెబుతున్నది రాకెట్లను తక్కువ చేయడానికి కాదు. రోహిణిని చూసి నేనూ గర్వపడతాను. కానీ నువ్వు ఏజెన్సీ పిల్లవి. ఆ పేజీలో యానాదుల పేరు రాయడానికి నీకంటే తగినవాళ్లు ఎవరు?

మన కొండలకు బాగా దగ్గరైన స్టాంపు ఇంకొకటుంది. 2015లో భారత్, ఫ్రాన్స్ కలిసి అంతరిక్షంలో అర్ధశతాబ్దం పనిచేసినందుకు రెండు దేశాలూ జంటగా స్టాంపులు వేశాయి. ఒకదాని మీద మేఘా ట్రోపిక్స్ ఉపగ్రహం, ఇంకొకదాని మీద సరళ్. మేఘా ట్రోపిక్స్ పని ఉష్ణమండలం మీది మేఘాన్నీ వాననూ కొలవడం. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి వెళ్లింది. పని అయ్యాక దాన్ని అలా వదిలేయకుండా, మిగిలిన ఇంధనంతోనే కిందికి దింపి 2023 మార్చి 7న పసిఫిక్ సముద్రం మీద కాల్చేశారు. ఆకాశంలో చెత్తగా మిగలకూడదని. వాన పడితేనే చోళ్లూ సామలూ పండే ఇళ్లలో పుట్టిన పిల్లవి నువ్వు. ఈ పేజీ మీద ఎక్కువసేపు కూర్చో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నువ్వు చంటిపిల్లవి. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలుగా కూలిపోయాయి. తుపాను ఎటు వస్తోందో ముందే చూసి చెప్పినవాటిలో మన ఉపగ్రహాలూ ఉన్నాయి. ఆ ముందుమాట లేకపోతే చెట్లతో పాటు ఎందరు మనుషులు పోయేవాళ్లో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

బయటి దేశాలవి ఎన్నో ఉన్నాయి, అన్నీ వద్దు. స్పుత్నిక్ ఒకటి ఉండాలి. 1957 అక్టోబరు 4న అది ఎగిరితే, సోవియట్ తపాలా నవంబరు 5 నాటికి 40 కోపెక్కుల బిళ్ల తెచ్చింది. ఆ నెలాఖరుకు, అంతకుముందే అచ్చయిన సియోల్కోవ్‌స్కీ స్టాంపు మీద ప్రయోగం తేదీ, ప్రపంచంలో మొదటి ఉపగ్రహమన్న మాట నల్లటి సిరాతో అచ్చొత్తి మళ్లీ వదిలారు. సియోల్కోవ్‌స్కీ రాకెట్లతో అంతరిక్షానికి వెళ్లొచ్చని లెక్కలు కట్టిన బడిపంతులు. ఆ అచ్చొత్తినది ఖరీదెక్కువ, దొంగవీ తిరుగుతుంటాయి. నువ్వు కొనకు. ఉన్నట్టు తెలిస్తే చాలు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ప్లూటోది. 1991లో అమెరికా తపాలాశాఖ 29 సెంట్ల స్టాంపులు పది వేసింది. ఒక్కోదాని మీద ఒక గ్రహమో చంద్రుడో, దాన్ని చూసిన నౌక. బుధుడి పక్కన మారినర్-10, అంగారకుడి పక్కన వైకింగ్, శని పక్కన వాయేజర్-2. ప్లూటో దగ్గరకొచ్చేసరికి పక్కన నౌక లేదు. ఇంకా ఎవరూ చూడలేదని మాత్రం రాశారు. ఆ మాట కొందరు శాస్త్రవేత్తలకు గుచ్చుకుంది. 2006 జనవరి 19న న్యూ హొరైజన్స్ అనే నౌక ప్లూటో వైపు బయల్దేరినప్పుడు, అదే స్టాంపును దాని లోపల పెట్టి పంపారు. తొమ్మిదిన్నరేళ్లు ప్రయాణం చేసి 2015 జూలై 14న ప్లూటో పక్కగా వెళ్లింది. ఆ రోజు ఆ నౌకను నడిపిన బృందం స్టాంపు బొమ్మను పెద్దది చేయించి, 'ఇంకా లేదు' అన్న మాట కొట్టేసి చేత్తో పైకెత్తి చూపించింది. మరుసటి ఏడాది ప్లూటోను చూసేశామంటూ కొత్త స్టాంపులు వచ్చాయి. పోస్టాఫీసు కౌంటరు వెనక బతుకంతా గడిపిన నాకు ఇంతకంటే గొప్ప సంగతి ఏముంటుంది? ఒక ఖాళీని నిజాయితీగా అచ్చువేస్తే, ఆ ఖాళీ నింపడానికి మనుషులు బయల్దేరారు. 1991 నాటి ఆ స్టాంపు పెద్ద ఖరీదైనది కాదు, ఎప్పటికైనా దొరుకుతుంది. 2016 నాటిదానితో కలిపి ఒకే పేజీలో పెట్టు.

ఇప్పుడు జాగ్రత్తలు. మన లోయలో జూన్ నుంచి అక్టోబరు దాకా ముసురు. జిగురున్న స్టాంపు చెమ్మకు పేజీని పట్టేసుకుంటుంది, విడదీస్తే చిరుగుతుంది. పుస్తకాన్ని పడుకోబెట్టకు, నిలబెట్టు. దాని మీద బరువు పెట్టకు. ట్రంకు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచు. వానాకాలం పోయి ఎండ కాసిన రోజున నీడలో పేజీలు తెరిచి గాలి తగలనివ్వు, ఎండలో మాత్రం పెట్టకు, రంగు పోతుంది. ట్వీజర్‌తో తప్ప వేళ్లతో ముట్టుకోకు. కవరు మీది స్టాంపు కావాలంటే చుట్టూ కాగితం వదిలి కత్తిరించు, చల్లని నీళ్లలో వేయి, దానంతటదే ఊడుతుంది. తెల్లకాగితం మీద బోర్లా ఆరబెట్టి, తర్వాత బరువైన పుస్తకంలో అదిమిపెట్టు. రంగు కవర్ల ముక్కలు విడిగా నానబెట్టు, లేకపోతే ఆ రంగు మిగతావాటికి అంటుకుంటుంది. మైదా, ఫెవికాల్, సెల్లోటేపు పేజీ దరిదాపులకు రాకూడదు. ముద్ర చక్కగా ఊరి పేరుతో పడిన కవరైతే అసలు కత్తిరించకు, కవరుతోనే దాచు.

డబ్బు సంగతి అడగడానికి మొహమాటపడ్డావు. చెబుతాను విను. హెడ్ పోస్టాఫీసులో 200 రూపాయలతో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త స్టాంపులు అసలు ధరకే ఇంటికి వస్తాయి. ఆ 200 నేను కడతాను. ప్రతి స్టాంపుకూ తపాలాశాఖ ఒక వివరాల కాగితం అచ్చువేస్తుంది, అది కూడా అడిగి తీసుకో. ఇంకొకటి. 2017లో మొదలుపెట్టిన దీన్ దయాళ్ స్పర్శ్ అనే స్కాలర్‌షిప్ ఉంది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్లో స్టాంపుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఏడాదికి 6,000 రూపాయలు. బడిలో ఫిలాటెలీ క్లబ్బులో సభ్యత్వమైనా ఉండాలి, లేకపోతే ఆ డిపాజిట్ ఖాతా అయినా ఉండాలి. మార్కులు 60 శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు. ముందు రాతపరీక్ష, తర్వాత స్టాంపుల మీద ఒక ప్రాజెక్టు. నువ్వు పేజీల కింద రాసే ఆ నాలుగు వాక్యాలే ప్రాజెక్టుకు పనికొస్తాయి. ఏడో తరగతిలో ఉన్నావు, ఇంకా సమయముంది. ప్రకటన ఎప్పుడొస్తుందో పాడేరు పోస్టాఫీసులో కనుక్కోమని మీ సైన్సు టీచరు గారిని నా మాటగా అడుగు. బడిలో క్లబ్బు పెట్టే వీలుందేమో కూడా అడుగు. నువ్వొక్కదానివే కాకుండా నీ పక్క మంచాల పిల్లలు కూడా చేరితే మార్చుకోవడానికి జంట స్టాంపులు దొరుకుతాయి.

ముందుగా మేఘా ట్రోపిక్స్ పేజీ రాసి పంపు. తెలుగులో ఒకసారి, మీ నాన్నమ్మకు చదివి వినిపించడానికి మన ఆదివాసీ ఒడియాలో ఒకసారి. ఉత్తరం డబ్బాలో వేయకు. కౌంటరు దగ్గరకు వెళ్లి, స్టాంపు మీద పాడేరు ముద్ర తేదీ కనపడేలా వేయమని అడిగి వేయించు. ఆ కవరు కూడా దాస్తాను.

మీ చిన్నతాత