తోలు కింద బొడిపెలు

ప్రశ్న: మా తాతగారి కాంటాక్స్ 2ఏ కెమెరా తోలు మీద బొడిపెలు లేచాయి. తోలు మార్చేయాలా?

జవాబు: తొందరపడకండి. 1950లో వచ్చిన ఈ జైస్ ఐకాన్ కెమెరాకు ఇది మామూలే. తోలు కింది రివెట్లకు చిలుము పట్టి, అది ఉబ్బి తోలును పైకి నెడుతుంది. అంచున ఒకటి రెండు చుక్కలే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, కాసేపు నాననిచ్చి, మొద్దు బ్లేడును పడుకోబెట్టి మెల్లగా తోయండి. ఎక్కువైతే షట్టర్‌లోకి దిగుతుంది, జాగ్రత్త. పచ్చటి చిలుమును పుల్లతో గీకి, శుభ్రంగా తుడిచి ఆరనివ్వండి. ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటి రబ్బరు జిగురు రెండువైపులా పలచగా రాసి, కాస్త ఆరాక అతికించండి. సూపర్ గ్లూ వద్దే వద్దు, మళ్లీ విప్పేటప్పుడు తోలు చిరుగుతుంది. ఒకవేళ చిరిగినా ముక్కలు పారేయకండి, కొత్త తోలు కోయడానికి అవే కొలత. చిరగనంతవరకు పాత తోలే మేలు.