తీరిక లేని రోజుకు తగిన యాప్

చిరంజీవి చిన్నోడికి,


ఇంట్లోనే వ్యాయామం చేసుకోవడానికి ఏ యాప్ పెట్టుకోమంటావు పెదనాన్నా అని అడిగావు. ఇద్దరు పసిపిల్లలు, హైటెక్ సిటీలో ఉద్యోగం, రాత్రిపూట అమెరికా వాళ్లతో కాల్స్... వీటి మధ్య నీకు ఆ ఆలోచన వచ్చినందుకే నాకు చాలా సంతోషంగా ఉంది. బళ్లో పిల్లలకు వ్యాయామం నేర్పినవాణ్ని, ఇప్పుడీ యాప్‌లు చూసి చేసుకుంటున్నవాణ్ని కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట గట్టిగా మనసులో పెట్టుకో. తీరిక దొరికే ఆదివారాన్ని తలచుకుని యాప్ ఎంచుకోవద్దు. చంటిది రాత్రంతా జాగారం చేయించి, పొద్దున ఎనిమిదింటికే మీటింగ్ ఉన్న మంగళవారాన్ని తలచుకుని ఎంచుకో. ఆ రోజు కూడా నీ చేత కాసేపు ఒళ్లు వంచి పనిచేయించగలిగిందే నీకు తగిన యాప్. తక్కినవి ఎంత హంగుగా ఉన్నా నెల తిరిగేసరికి మూలపడతాయి.

కాసేపు చేస్తే ఏమొస్తుందని తీసిపారెయ్యకు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరుగా శ్రమించాలనీ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కో విడత పది నిమిషాలైనా సాగితేనే లెక్కన్న పాత నియమాన్ని 2020లో తీసేసింది. పొద్దున ఆరు నిమిషాలు, మధ్యాహ్నం మెట్లెక్కడం, రాత్రి ఎనిమిది నిమిషాలు, అన్నీ లెక్కలోకి వస్తాయి. పసిపిల్లల తండ్రికి ఇంతకన్నా మంచి కబురేముంది?

‘సెవెన్ మినిట్ వర్కవుట్’ అని నీకు చాలా యాప్‌లు కనిపిస్తాయి. 2013లో బ్రెట్ క్లికా, క్రిస్ జోర్డన్ అనే ఇద్దరు అమెరికాలోని ఒక వ్యాయామ పత్రికలో రాసిన వ్యాసం వాటికి మూలం. మొత్తం 12 వ్యాయామాలు, ఒక్కోటి 30 సెకన్లు, మధ్యలో 10 సెకన్ల విరామం. గోడ, కుర్చీ, మన ఒంటి బరువు చాలు. అయితే అది గట్టిగా, ఆయాసం వచ్చేలా చేయాల్సిన వరస. వీలైతే దాన్నే రెండు మూడు సార్లు తిప్పి చేయమని కూడా రాశారు. రోజుకు ఏడు నిమిషాలతో అంతా అయిపోతుందని ఊరించే ప్రకటనలను మాత్రం నమ్మకు.

ఇక యాప్ తెరిచాక ఏం చూడాలో చెబుతాను. వ్యాయామాలను నిమిషాలను బట్టి ఏరుకునే వీలుండాలి. పిల్లాడు ఏడిస్తే మధ్యలో ఆపి, మళ్లీ అక్కణ్నుంచే అందుకోగలగాలి. గెంతులు లేని వ్యాయామాలు విడిగా ఉండాలి. మీది మూడో అంతస్తు, కింద ఇంకొకరి పడగ్గది ఉంటుంది, నీ ఇంట్లోనేమో అప్పుడే నిద్రపోయిన పిల్లలుంటారు. మాటలు వినకపోయినా చూసి చేయగలిగేలా బొమ్మ స్పష్టంగా ఉండాలి.

నేర్పే తీరు ఇంకా ముఖ్యం. బస్కీలు తీసేటప్పుడు మోకాళ్లు, నడుము ఎలా ఉండాలో పక్కనుంచి కూడా చూపించాలి. పుషప్స్ రానివాడితో ముందు గోడకు ఆనించి, తర్వాత బల్లకు ఆనించి, ఆపైన నేలమీద, ఇలా అంచెలంచెలుగా చేయించాలి. మొదటి రోజే ఎగిరి దూకించే యాప్‌ను తీసెయ్. గంటల తరబడి కూర్చునే నీకు వీపు, నడుము, పిరుదుల కండరాలు గట్టిపడాలి. వంగి పిల్లను ఎత్తుకోవాలంటే కావలసిన బలం అక్కడే ఉంది.

డబ్బు సంగతి. ముందు ఉచితంగా దొరికేవి చూడు. 2021లో మన ప్రభుత్వం తెచ్చిన ఫిట్ ఇండియా యాప్ వయసుకు తగ్గ పరీక్షలతో నీ దారుఢ్యం ఎంతో చెబుతుంది. అదే ఏడాది ఆయుష్ శాఖ తెచ్చిన వై-బ్రేక్ యాప్‌లో ఆఫీసు పని మధ్యలో చేసుకునే 5 నిమిషాల యోగా ఉంది. చందా కట్టే యాప్ అయితే ఏడాదికి ఒకేసారి కట్టకు, నెలకే కట్టు. ఫ్రీ ట్రయల్ ఏ తేదీన ముగుస్తుందో క్యాలెండర్‌లో రాసిపెట్టుకో. ఫోన్లోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు, సబ్‌స్క్రిప్షన్ల పేజీలోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి.

యాప్ అడిగే అనుమతులు కూడా చూసుకో. 2018లో మైఫిట్‌నెస్‌పాల్ అనే యాప్ నుంచి సుమారు 15 కోట్ల ఖాతాల వివరాలు దొంగలపాలయ్యాయి. ఇంట్లో బస్కీలు తీయడానికి నీ కాంటాక్టులతో, లొకేషన్‌తో దానికేం పని? ఇవ్వకు.

ఒక రోజు తప్పగానే స్ట్రీక్, అంటే వరసగా చేసిన రోజుల లెక్క, పోయిందని నిన్ను కుంగదీసే యాప్ కూడా వద్దు. అంకెలకు భయపడకు. రోజుకు 10,000 అడుగులన్న మాట కూడా 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మకానికి వచ్చినప్పుడు పుట్టింది. జ్వరమొచ్చిన బిడ్డను రాత్రంతా ఎత్తుకుని తిరిగిన తండ్రి ఆ రోజు ఓడిపోయినట్టు కాదు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టడమే నీ నియమం.

అన్నిటికన్నా ముందు, మన ఇంట షుగర్ ఉందన్న సంగతి మరిచిపోకు. మన దేశంలో మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని డాక్టర్లు చెబుతారు. టేపు పెట్టి కొలుచుకో, బీపీ, షుగర్ చూపించుకో. చేస్తుండగా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లు.

ఇంకొక్కటి. నీ వ్యాయామం కోడలి మీద అదనపు బరువు కాకూడదు. నువ్వు చేసేటప్పుడు తను పిల్లల్ని చూస్తే, తన వంతుకు నువ్వు చూడు. తన ఒంటికీ అంత సమయం దక్కాలి. ఇద్దరూ కూర్చుని వారానికి వేళలు రాసుకోండి.

ఈ వారం పరీక్షలు చేయించుకుని, రెండే రెండు యాప్‌లు పెట్టుకో. రెండు వారాలు వాడి, కష్టమైన రోజుల్లో నువ్వు దేన్ని తెరిచావో దాన్ని ఉంచుకుని రెండోదాన్ని తీసెయ్. ఏది మిగిలిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న