కుట్టుపనికి చిన్న ఇస్త్రీ పెట్టె కొంటున్నారా? వాట్లు కాదు, ముందు ఇవి చూడండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే చోట ఇస్త్రీ పెట్టె గోల ఏంటి అనుకుంటున్నారా? కారణం ఉంది. గ్యాడ్జెట్ల విషయంలో ఊళ్లో అందరికీ సలహాలిచ్చే నేను, మా అమ్మకి కొనిచ్చిన చిన్న ఐరన్ బాక్స్ దగ్గర ఘోరంగా దెబ్బతిన్నాను. మీరు అలా దెబ్బతినకుండా, కొనేముందు ఏం చూడాలో, ఏం పట్టించుకోనక్కర్లేదో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలేం జరిగిందంటే...

మా అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఖాళీ దొరికితే మిగిలిన గుడ్డముక్కలు జతచేసి బొంతలు కుడుతుంది. ఇప్పుడు క్విల్టింగ్, ప్యాచ్‌వర్క్ అని రీల్స్‌లో కనిపిస్తున్న పనికి మన బొంత దగ్గరి చుట్టమే. పెద్ద పెట్టె ఎత్తీ దించీ చెయ్యి లాగేస్తోందని, మెషిన్ పక్కన పెట్టుకోవడానికి చిన్నది కావాలంది. నేను ఆన్‌లైన్‌లో వెతికాను. రంగు బాగుంది, హ్యాండిల్ మడతపడుతుంది, క్షణాల్లో వేడెక్కుతుందని రాసి ఉంది. కొనేశాను.

వారం తిరక్కుండానే ఒక పెళ్లింటివాళ్ల పట్టు జాకెట్ వచ్చింది. చేతి అంచు దగ్గర మడత కూర్చోవడానికి అమ్మ ఆ బుల్లి పెట్టె ఆనించింది. అంతే, జరీ ముడుచుకుపోయింది. అది చీరతోపాటు వచ్చిన జాకెట్ ముక్క, ఏ షాపుకెళ్లినా మళ్లీ దొరకదు. "పర్లేదులే పిన్నీ" అంది ఆ అక్క, కానీ ముఖం చిన్నబోయింది. అమ్మ కుట్టుకూలి వదిలేసి, తన డబ్బుతో వేరే గుడ్డ కొని, రాత్రంతా కూర్చుని కుట్టిచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. "నాన్నా, దీనికి వేడి తగ్గించే చక్రం ఏదిరా?" అని మాత్రం అడిగింది.

తిప్పి చూశాను. లేదు. ఒక స్విచ్, ఒక లైటు, అంతే.

1. ఇస్త్రీ చేయడం వేరు, ప్రెస్ చేయడం వేరు

చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెని ముందుకీ వెనక్కీ లాగుతాం. కుట్టుపనిలో అలా లాగితే గుడ్డ సాగుతుంది, ముఖ్యంగా ఏటవాలుగా కత్తిరించిన ముక్కలు. అందుకే ఇక్కడ పెట్టెని పైనుంచి ఆనించి, కాసేపు ఉంచి, ఎత్తి, పక్కన పెట్టాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క చూడండి. ప్యాచ్‌వర్క్‌లో ఒక వరసకి 9 ముక్కలుంటే 8 కుట్లు వస్తాయి. కుట్టు చక్కగా పరుచుకోక ఒక్కో దగ్గర 1 మిల్లీమీటరు పోయినా, వరస మొత్తం 8 మిల్లీమీటర్లు పొట్టిదైపోతుంది. పక్క వరసతో ఇక కలవదు. కుట్టు తప్పనుకుని విప్పేస్తాం, కానీ తప్పు ఇస్త్రీది.

2. మొదట చూడాల్సింది వేడి కంట్రోల్

పెట్టె చక్రం మీదా, బట్టల లేబుల్ మీదా చుక్కలు చూసే ఉంటారు. సుమారుగా ఒక చుక్క అంటే 110 డిగ్రీలు, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200 డిగ్రీల సెల్సియస్. నైలాన్ లాంటివాటికి ఒకటి, పట్టు, ఉన్ని, పాలిస్టర్‌కి రెండు, కాటన్‌కి మూడు. ఇవి దాటకూడని హద్దులు, అందుకోవాల్సిన టార్గెట్లు కాదు.

జరీతో ఇంకాస్త జాగ్రత్త. ఇప్పుడు దొరికే జరీలో చాలా భాగం ప్లాస్టిక్ పొర మీద మెరుపు పూసినదే. పట్టు తట్టుకున్న వేడిని అది తట్టుకోలేకపోవచ్చు. జరీ మీద ఎప్పుడూ పల్చటి కాటన్ గుడ్డ అడ్డం వేసి, తక్కువ వేడితోనే మొదలుపెట్టండి.

కాబట్టి చిన్న పెట్టెలో కనీసం మూడు స్థాయిల కంట్రోల్ ఉండాలి. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్నది ఎంత ముద్దుగా ఉన్నా వద్దు.

3. వాట్లు అంటే మెగాపిక్సెల్స్ లాంటివి

200 మెగాపిక్సెల్స్ అని రాసినంత మాత్రాన ఫోటో బాగా రాదని మనకి తెలుసు. వాట్లూ అంతే. ఎన్ని వాట్లు ఉంటే అంత త్వరగా వేడెక్కుతుంది, అంతవరకే. ఎంత వేడి దగ్గర ఆగాలో చూసుకునేది థర్మోస్టాట్.

అలాగని మరీ తక్కువ వాట్లు కూడా పనికిరావు. చిన్న పెట్టెకి అడుగు పలక చిన్నది, దాచుకునే వేడీ తక్కువ. నాలుగు పొరల కాటన్ మీద పెట్టగానే చల్లబడుతుంది. గేమ్ పది నిమిషాలు ఆడాక ఫోన్ స్పీడ్ ఎలా ఉందో చూస్తాం కదా, ఇక్కడ కూడా అదే పరీక్ష: పది మడతలు వరసగా నొక్కాక పదకొండోది కూడా అంతే పదునుగా వస్తోందా?

4. అడుగు పలక, మొన

మొన సన్నగా ఉంటే మెడ గుండ్రం, పైపింగ్, డాట్స్ దగ్గరికి చక్కగా వెళ్తుంది. గుండ్రటి మొన ఉన్న ట్రావెల్ ఐరన్ చొక్కాకి ఓకే, జాకెట్‌కి కాదు. నాన్‌స్టిక్ పూత బాగా జారుతుంది కానీ జిప్పులు, గుండుసూదులు తగిలితే గీతలు పడతాయి. మెడకి జిగురు క్యాన్వాస్ అతికించేవాళ్లు పలకకి జిగురు అంటిందేమో చూసుకోవాలి. లేదంటే తర్వాతి జాకెట్‌కి మరక ఖాయం.

5. ఆవిరి అవసరమా?

చిన్న పెట్టెలో నీళ్ల ట్యాంకు కూడా చిన్నదే, మాటిమాటికీ నింపాలి. పైగా తడి ఆవిరి తగిలిన ముక్కలు త్వరగా సాగుతాయి. కాటన్ బొంత పనికి పొడి పెట్టె, పక్కన నీళ్ల స్ప్రే సీసా చాలు. పట్టు మీద మాత్రం స్ప్రే వద్దు, నీటి మచ్చలు పడొచ్చు.

6. అమెరికా నుంచి తెప్పించుకుంటున్నారా? ఆగండి

క్విల్టింగ్ పెట్టెలు అక్కడ రకరకాలు దొరుకుతాయి కాబట్టి, అన్నయ్య వస్తున్నాడంటే ఒకటి తెమ్మంటాం. ఫోన్ ఛార్జర్ మీద 100–240 వోల్టులని ఉంటుంది, ఎక్కడైనా పనిచేస్తుంది. చాలా ఇస్త్రీ పెట్టెలు అలా కాదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. 120 వోల్టుల, 400 వాట్ల పెట్టెని ఇక్కడ ప్లగ్ చేస్తే సుమారు 1470 వాట్లు లాగుతుంది. వోల్టేజ్ దాదాపు రెట్టింపైతే పవర్ దాదాపు నాలుగింతలు అవుతుంది. ప్లగ్ మార్చే అడాప్టర్ వోల్టేజ్‌ని మార్చదు. పెట్టె మీద రెండు వోల్టేజులూ రాసి ఉంటేనే తెప్పించండి. దానికి స్విచ్ ఉంటే ప్లగ్ పెట్టేముందే 230 వైపు తిప్పండి.

7. పవర్‌బ్యాంకుతో నడుస్తుందన్న మాట

10000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకులో ఉండేది సుమారు 37 వాట్ అవర్లు. 200 వాట్ల పెట్టెని అది ఏ నష్టమూ లేకుండా నడిపినా 11 నిమిషాల్లో ఖాళీ. కుట్టుపనికి వైరున్నదే నయం.

8. ఐఎస్ఐ గుర్తు

మన దేశంలో ఎలక్ట్రిక్ ఇస్త్రీ పెట్టెకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు కింద సీఎం/ఎల్ అని ఒక నంబర్ ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్స్ నిజమో కాదో తెలుస్తుంది. నేను కొన్నదాని మీద ఆ గుర్తే లేదు. ఫోన్ కొంటే ఐఎంఈఐ చెక్ చేసే నేను, ఇది చూడలేదు.

కొన్న రోజే చేయాల్సిన టెస్ట్

తెల్ల కాటన్ గుడ్డని సమానంగా తడిపి పిండండి. వేడెక్కిన పెట్టెని దాని మీద ఐదు సెకన్లు కదపకుండా ఉంచి ఎత్తండి. పలక ఆకారం అంతా ఒకేలా ఆరితే వేడి సమానంగా వస్తున్నట్టు. మధ్యలో ఆరి మొన దగ్గర తడి మిగిలితే, మనకి పనికొచ్చే చోటే అది బలహీనం. పసుపు మరక కనిపిస్తే వేడి మరీ ఎక్కువ. రిటర్న్ గడువులోపే వెనక్కి పంపండి. తర్వాత ఏ జాకెట్ ముట్టుకున్నా, ముందు దాని కత్తిరింపు ముక్క మీద పెట్టి చూడండి.

అమ్మ దగ్గర ఇప్పుడున్నది రంగులో ఏమంత గొప్పగా లేదు. చక్రం ఉంది, మొన సన్నగా ఉంది, ఐఎస్ఐ గుర్తుంది. ఈసారి నేను సెలెక్ట్ చేయలేదు. అమ్మని షాపుకి తీసుకెళ్లి చేతికిచ్చాను. రెండుసార్లు ఎత్తి దించి, "ఇది చాల్లే" అంది. వాడేవాళ్ల చెయ్యి చెప్పేది కూడా స్పెక్కే. నేను లిస్టులో మర్చిపోయింది అదే.